రెండో అంకె

ఐర్లాండ్ ఎన్నికల లెక్కింపు ఫేస్‌బుక్‌లో చూసి, ఆ పద్ధతిని అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలోని మా తెలుగు సంఘానికి నేర్పింది నేనే. ఓటరు అభ్యర్థులందరికీ ఇష్టం వరసలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తాడు. అందరికంటే తక్కువ ‘ఒకటి’లు పడినవాడు ముందు ఇంటికి పోతాడు.

రెండేళ్లు అధ్యక్షుడిగా ఉండి మళ్లీ నిలబడ్డ మావారు, ఒకే ఒక్క ‘ఒకటి’తో మొదటి రౌండ్‌లోనే పోయారు.

"అదైనా నీదేనా?"

"కాదండీ, మీదే. నేనూ అందరిలాగే రెండు వేశాను."

"మరి ఇంటింటికీ ఫోన్ చేసి ఏం చెప్పావే?"

"మావారికి రెండు వేయడం మర్చిపోకండి అని."

ఇంతలో గెలిచినాయన భార్య శ్రీవిద్య ఫోన్ చేసింది. "అక్కా, ఉగాదికి నాలుగొందల మందికి పులిహోర ప్రెసిడెంట్ ఇంట్లోనే చేయాలంటగా?"

"ఆనవాయితీ అమ్మా. గంగాళం మావారితో పంపిస్తున్నాను."