వెనక కంత

దేవుడి దయవల్ల ఒక తేనెటీగల కుటుంబం చెట్టుతొర్ర వదిలి చెక్కపెట్టెలో చేరింది. తొర్రకున్నట్టే పెట్టెకూ వెనక ఒక కంత ఉంచుకుంది. తొర్రలో ఉండగా పక్క తేనెపట్టులోని చుట్టాలు ఆ దారినే వచ్చేవారు. ఇక్కడ పక్క పట్టే లేదు.

“పెద్దమ్మా, ఆ కంత మైనంతో మూసేద్దాం. లోపల పసివాళ్లున్నారు,” అంది పిల్లల్ని సాకే ఈగ, మళ్లీ.

“మూసేస్తే చుట్టాలు ఎలా వస్తారే?” అంది కంత కాచే ముసలి ఈగ.

“ఎవరొస్తారు పెద్దమ్మా! నీకు దణ్ణం పెడతాను, ముందు గుమ్మం ఉందిగా!”

“ఇది మా అమ్మ కాచిన గుమ్మం. నోర్ముయ్.”

ఆ సాయంత్రం మైనం తినే పురుగు పసివాళ్ల గదులు తొలుస్తూ కనిపించింది. సాకే ఈగ గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొస్తే, పెద్దమ్మ మురిసిపోతూ ఎదురొచ్చింది.

“ఎవరూ రారన్నావుగా! కాళ్లకు నీళ్లిచ్చి నేనే లోపలికి పంపాను.”