ప్రత్యూషనే ఎందుకు?

మూడో క్వార్టర్ మొదలైనా బిందు బెంచీ మీదే ఉంది.

"చూసినావా అక్కా? మళ్ళీ ఆ పదకొండో నంబరునే ఆడిస్తా ఉండాడు కోచ్," అన్నాడు పెంచలప్రసాద్.

పక్కన కూర్చున్న గంగాభవాని తలూపింది. ఆమె చూపు కోర్టు మీదినుంచి కదల్లేదు.

పెంచలప్రసాద్‌కి నెల్లూరులో రొయ్యల మేత దుకాణం ఉంది. చదువుకునే రోజుల్లో బాస్కెట్‌బాల్ ఆడినవాడు. అమ్మాయిల కాలేజీ జట్టు ఎక్కడ ఆడినా దుకాణం తమ్ముడికి అప్పగించి వచ్చేస్తాడు. అతనిలాంటి అభిమానులు ఇంకొందరున్నారు. వాళ్ళకో వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. ఎవరిని ముందు దించాలి, ఎవరిని ఎంతసేపు ఆడించాలి అని అందులో పొద్దస్తమానం వాదనలే. ఈ ఏడాది మాత్రం అందరిదీ ఒకటే ప్రశ్న. బిందుని కూర్చోబెట్టి ప్రత్యూషనెందుకు ఆడిస్తున్నాడు?

బిందు చేతికి బంతి అందితే అవతలి జట్టు కంగారుపడుతుంది. పదకొండో నంబరు ప్రత్యూష పొడుగైతే పొడుగే గానీ, పాస్ అందుకోలేదు. ఫ్రీత్రో వేస్తే రింగుకైనా తగలదు. అయినా కోచ్ సంజీవరావు ఆమెని మొదటి అయిదుగురిలో దించుతాడు, చివరిదాకా ఉంచుతాడు.

గంగాభవాని ఈ టోర్నమెంటుకే కొత్తగా వస్తోంది. విడవలూరు పక్కనుంచి బస్సెక్కి వచ్చి, చివరి వరసలో స్తంభం చాటున, కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంటుంది. ఆట సంగతి ఆమెకేమీ తెలియదు. ప్రశ్నలు మాత్రం వదలకుండా అడుగుతుంది. బిందువాళ్ళదీ ఆ పక్కే. అందుకని ఈమె బిందు తల్లేనని పెంచలప్రసాద్ మొదటిరోజే అనుకున్నాడు. మొహమాటపడుతుందేమోనని అడగలేదు.

ఎవరో పెద్దమనిషి సిఫారసు ఉందని గ్రూపులో కొందరి అనుమానం. కులాభిమానమని మరికొందరు. ప్రత్యూషవాళ్ళు కోచ్‌కి బాగా ముట్టజెప్పి ఉంటారని పెంచలప్రసాద్ నమ్మకం.

"ముట్టజెప్పేదానికి వాళ్ళకాడ ఏముండాదన్నా?" అంది గంగాభవాని.

"నీకెట్టా తెలుసు?"

"పిల్లని చూస్తే తెలీదా?"

అయితే ఆ బూట్లు చూడమన్నాడతను. జట్టులో అందరివీ అరిగిపోయిన బూట్లే. ప్రత్యూషవి మాత్రం కొత్తవి, ఖరీదైనవి. కాలేజీవాళ్ళు ఇచ్చారేమోనని గంగాభవాని అడిగింది. కాలేజీ ఇస్తే అందరికీ ఇస్తుంది గానీ ఒక్కదానికే ఎందుకిస్తుందని అతను నవ్వాడు. ఆమె ముందుకు వంగి ఆ బూట్లకేసి చూసింది.

టైమౌట్ తీసుకున్నారు. సంజీవరావు నలుగురు అమ్మాయిలకూ రెండు ముక్కల్లో చెప్పి పంపేశాడు. ప్రత్యూషని మాత్రం బెంచీ చివరికి పిలిచి, దగ్గరగా నిలబడి ఏదో చెప్పసాగాడు. ఆ అమ్మాయి నేలచూపులు చూస్తూ వింది.

ఆట రాని పిల్లకి అంత పాఠమెందుకోనని పెంచలప్రసాద్ గొణిగాడు. ఇది చాలదన్నట్టు ఆదివారాలు వేరే ప్రాక్టీసట. మైపాడు బీచికి తీసుకుపోయి ఇసకలో పరుగెత్తిస్తాడట.

"ఒక్కదాన్నేనా?" అంది గంగాభవాని.

"ఒక్కదాన్నే. బిందు కూడా వస్తానంటే వద్దన్నాడంట. ఇది పక్షపాతం గాకపోతే ఇంకేంది?"

చివరి క్వార్టర్‌లో ప్రత్యూష చేతిలోంచి వరసగా బంతి జారిపోయింది. ఆ పిల్లని తీసెయ్యమని జనం కేకలు పెట్టారు. గంగాభవాని కూడా లేచి నిలబడింది. తీసెయ్యండయ్యా అని ఆమె అన్నది పక్కనున్న పెంచలప్రసాద్‌కి తప్ప ఎవరికీ వినపడలేదు. సంజీవరావు తియ్యలేదు. జట్టు ఓడిపోయింది. అమ్మాయిలు బయటికి రాకముందే గంగాభవాని వెనక గేటు గుండా వెళ్ళిపోయింది.

ఆ రాత్రి గ్రూపు భగ్గుమంది. ప్రిన్సిపాల్‌ని కలవాలన్నారు, అందరం కలిసే పోదామన్నారు. తీరా కాలేజీ దగ్గరికి వచ్చింది పెంచలప్రసాద్ ఒక్కడే. అతను ఫోను చేసి చెప్పాడు కాబట్టి గంగాభవాని వచ్చింది.

పెంచలప్రసాద్ ఆమెని బిందు తల్లిగా పరిచయం చేశాడు. ప్రిన్సిపాల్ విజయకుమారి ఓపిగ్గా విన్నారు. బిందు ఎన్ని బాస్కెట్లు వేసిందో, ప్రత్యూష ఎన్నిసార్లు బంతి పోగొట్టిందో పెంచలప్రసాద్ ఏకరువు పెట్టాడు. ఎవరిని ఆడించాలో కోచ్ ఇష్టమని, అందులో తాను తలదూర్చనని ఆవిడ అన్నారు. పొడుగున్న పిల్ల, నేర్పితే పైకొస్తుందని ఆయన నమ్మకమట. రాష్ట్ర జట్టుకి కూడా ఆ అమ్మాయి పేరే ఇచ్చారట. వచ్చే వారం సెలక్షన్లకి తిరుపతి వెళ్తున్నారట.

"ఎవురెవురు పోతారు మేడమ్?" అంది గంగాభవాని.

"సంజీవరావు గారూ, ప్రత్యూషా. రెండు రోజుల్లో వచ్చేస్తారు."

గంగాభవాని కుర్చీలోంచి లేచింది.

"ఆ పిల్లని పంపొద్దు మేడమ్. అసలు టీములోనే ఉంచొద్దు. తీసెయ్యండి."

పెంచలప్రసాద్ ఇబ్బందిగా కదిలాడు. బిందుని ఆడించమంటే సరిపోయేది. ఇంత కడుపుమంట ఉందా ఈమెకి? ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని ఆరాలు తీసింది ఇందుకా? అనవసరంగా వెంటబెట్టుకొచ్చానే అనుకున్నాడు.

విజయకుమారి ముఖం కూడా మారింది. ఈ సెలక్షన్లు దాటితే ఆ అమ్మాయికి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం కూడా రావచ్చని చెప్పారు. గంగాభవాని వినిపించుకోలేదు. పంపొద్దు మేడమ్ అని మళ్ళీ అదే మాట అంది.

"మీ బిందుకి అన్యాయం జరిగిందనుకుంటే రాసివ్వండి, విచారిస్తాను. అంతేగానీ ఇంకో తల్లి కన్న బిడ్డ నోటికాడి కూడు లాగేస్తారా అమ్మా?" అన్నారు విజయకుమారి.

గంగాభవాని బల్ల అంచు పట్టుకుంది.

"ఇంకో తల్లి ఎవురూ లేరు మేడమ్, ప్రత్యూషని కన్నది నేనే."