నల్ల మూత

...లేదు, పూజ ముందురోజు సాయంత్రం బాగానే ఉండింది. కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించి మీట నొక్కగానే కంప్యూటర్ పెట్టెలో నీలం దీపాలు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి, తెర మీద బొమ్మ వచ్చింది. ఆట ఆడి చూశాడా? చూసే ఉంటాడు. ఎందుకు చూడడు? ఆ సాయంత్రాన్ని ఎన్నిసార్లు తలచుకుంటే అన్నిసార్లూ అది కేశవకు ఇంకాస్త బాగా కనిపిస్తోంది.

మరునాడు ఆయుధ పూజ. ఇంట్లో మగ్గం ఆగింది, కత్తెర ఆగింది, వాటితోపాటు కంప్యూటరూ ఆగింది. అమ్మ చౌడేశ్వరి వైర్లన్నీ పీకి, పెట్టె తుడిచి, పసుపు రాసి, ముందూ వెనకా కుంకుమ బొట్లు పెట్టి, మళ్ళీ తగిలించింది. ఆ తర్వాతి రోజు నుంచే ఆట ఈడ్చుకుంటూ నడుస్తోంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

తెర మీద అతని సిపాయి మళ్ళీ తూలి, ఆగి, చచ్చిపోయాడు. సాయంత్రం ఐదింటికి ఇదే ఆటలో బెంగళూరు జట్టు వాళ్ళ ఆన్‌లైన్ ఎంపిక పోటీ. ఇప్పుడు రెండున్నర.

"మా!"

పక్కగదిలో మగ్గం చప్పుడు ఆగింది. చౌడేశ్వరి వచ్చి గడప బయటే నిలబడింది. కొడుకు తన మీద అరిచిన నాటి నుంచి, ఐదు రోజులుగా ఆమె ఆ గడప దాటలేదు. అన్నం కూడా అక్కడి నుంచే అందిస్తోంది.

"ఏం చేసినావుమా దీన్ని? నిజం చెప్పు."

"ఏం చేయలేదు నాయనా. యా వైరు యాడ ఉండెనో ఆడనే పెట్టినా."

"నీకేం తెలుసు యాడ పెట్టాల్నో?"

"దినామూ వందల పోగులు అతుకుతాండా కేశవా. ఆరు వైర్లు గుర్తుండవా నాకు?"

"ఇది మగ్గం కాదుమా! మగ్గమే అయితే నేను బెంగళూరుకు పోవాల్సిన పనేముండాది?"

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. తిరిగి వెళ్ళిపోయింది. మగ్గం మొదలైంది, రెండు దెబ్బలకే ఆగింది. పోగు అతకడం, నమ్మకం లేక విప్పి చూసుకోవడం, మళ్ళీ అతకడం. ఐదు రోజులుగా ఇదే. ముప్పై ఏళ్ళుగా నేస్తున్న ఆమె వేళ్ళు ఇట్లా తడబడడం కేశవ ఎప్పుడూ వినలేదు. విననట్టే కూర్చున్నాడు.

కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మార్చాడు. ఆటను తీసేసి మళ్ళీ ఎక్కించాడు. ర్యామ్ ఊడదీసి, ఊది, పెట్టాడు. మూడున్నరకు రాజంపేటలో కంప్యూటర్లు బాగుచేసే స్నేహితుడు ఓబుళేశుకు ఫోన్ చేసి, పూజ నుంచి జరిగిందంతా చెప్పాడు.

"పసుపు రాసినారు సరే, టెంకాయ కూడా కొట్టింటే పరుగెత్తేది కదప్పా!"

"నవ్వద్దప్పా. శానా కష్టంలో ఉండా."

"సరే, మానిటర్ వైరు యాడ పెట్టినారు? పైన నిలువు వరసలో పాత రంధ్రానికా, కింద కొత్త కార్డుకా? పైన పెడితే కార్డు ఉండీ లేనట్టే."

"కిందనే. నా చేత్తో నేనే పెట్టినా."

ఆ మాట అంటుంటే వేళ్ళకు ఆ వైరు ఎక్కినప్పటి బిగువు కూడా గుర్తొచ్చింది.

"ఒగసారి చూడప్పా."

గోడకు ఆనించిన పెట్టెను ముందుకు లాగి, దాని వెనకవైపుకు వంగి ఫోన్ లైటు వేశాడు. వైరు పైన ఉంది.

"పైనుండాదప్పా! చెప్పలే? అంతా మా యమ్మ చేసిందే!"

గొంతులో కోపం కంటే సంతోషమే ఎక్కువగా ఉంది. ఫోన్ పెట్టేసి, వైరు పీకి, కొత్త కార్డు వైపు లైటు తిప్పాడు.

కార్డుకు నాలుగు రంధ్రాలు. దుమ్ము పోకుండా కంపెనీ బిగించిన నల్ల మూతలు నాలుగూ అట్టపెట్టెలో వచ్చినట్టే బిగుసుకుని ఉన్నాయి. ఒక్కో మూత మీదా ఒక్కో కుంకుమ బొట్టు. ఆ రంధ్రాల్లో ఎవరూ, ఎప్పుడూ, ఏ వైరూ పెట్టలేదు. వేళ్ళకు గుర్తున్న ఆ బిగువు పై వరసది.

గోటితో ఒక మూత ఊడదీశాడు. వైరు అక్కడ తగిలించి ఆట తెరిచాడు. సిపాయి నీళ్ళలో చేపలా పరుగెత్తాడు.

మగ్గం ఆగింది. గడప బయట అడుగుల చప్పుడు.

"దొరికిందా నాయనా?" చౌడేశ్వరి చెమట పట్టిన చేతులు కొంగుకు తుడుచుకుంటూనే ఉంది. "నా చేయే తప్పిందా?"

కేశవ పిడికిట్లో మూత అంచు గుచ్చుకుంటోంది.

"పోనీలేమా, ఇంగోసారి ముట్టుకోవద్దు," అని మెత్తగా చెప్పి, మూతను జేబులోకి జార్చాడు.