నీలిగది గంట

హోటలుగా మారిన ఆష్‌కోంబ్ బంగళాలో నలభై ఏళ్లు పక్కలు వేసినందుకు, పని మానేసిన రోజున హోటల్ వాళ్లు నాకిచ్చిన బహుమతి: నీలిగదిలో ఒక్క రాత్రి బస, ఒక నూనె మర్దనా.

"ఇవాళ నువ్వే దొరసానివి, ఎడ్నా పిన్నీ. పని ముట్టుకున్నావంటే ఊరుకోను," అంది కౌంటర్లో ప్రూడెన్స్.

రోజూ నేను వేసిన పక్కే. ఇంత మెత్తగా ఉంటుందని ఇవాళే తెలిసింది. ఆ కడుపుమంటకి నిద్ర పట్టలేదు. టీ కాచుకుందామని వెనక మెట్లు దిగి వంటింట్లోకి వెళ్లాను.

అక్కడ గోడ మీద పనివాళ్లని పిలిచే పాత గంటలున్నాయి, గదికొకటి. నేను చేరిన ఏడాదే వాటి తీగలు కత్తిరించేశారు. ఇప్పుడవి అతిథుల ఫొటోలకే.

నీళ్లు మరుగుతుండగా ఒక గంట మోగింది. నీలిగదిది. ఆ గది తాళంచెవి నా జేబులోనే ఉంది.

పారిపోవాల్సింది. కానీ నా చేతులు ట్రేలో టీ సర్దాయి, కాళ్లు పైకి నడిచాయి. అలవాటుగా తలుపు రెండుసార్లు తట్టాను.

"ఎంతసేపు?" లోపల ఎవరో ఆడమనిషి విసుక్కుంది. "కొత్తదానివా?"

"కాదమ్మగారూ. ఇవాళే పని మానేశాను."

లోపల గొళ్లెం తీసిన శబ్దం.

"నిన్నెవరు మానమన్నారు?"