దూది పట్టీలు

వంతెనను వరద ఊడ్చుకుపోయిన ఏడాది అది. మానసిక ఆసుపత్రిలో మా తమ్ముడి మంచం పక్కన నిలబడి ఉన్నాను. నర్సమ్మ వాడి చేతుల్ని మంచానికి కట్టిన పట్టీలు విప్పుతోంది.

"ఇక మనుషుల్ని కట్టెయ్యడాలు లేవు పెద్దాయనా. కేకలేస్తే పక్కన ఒకరు కూర్చోవాలని కొత్త డాక్టరుగారు చెప్పారు."

"ఆయన చల్లగా ఉండాలమ్మా."

ఆ పట్టీలు నేను కుట్టినవే. ఆసుపత్రి గుడ్డలన్నీ నా మిషన్ మీదే కుడతాను. తమ్ముణ్ణి చేర్చాక, వాడి చర్మం ఒరుసుకుపోకుండా పట్టీల లోపల దూది పెట్టి కుట్టాను.

విప్పగానే తమ్ముడు గొల్లుమన్నాడు. రెండు చేతులూ నర్సమ్మ ముందుకు చాపాడు.

"కట్టండి! మా అన్నయ్యను తీసుకుపోకండి!"

"ఎదురుగానే ఉన్నాను కదరా, వెర్రినాన్నా."

"నువ్వు పొద్దుగూకితే వెళ్ళిపోతావు. నీ కుట్టు నాకు తెలీదనుకున్నావా? ఇది నీ చెయ్యే. నేను నిద్రపోయినా వదలదు."

నర్సమ్మ వంక చూశాను.

"కూర్చోబెట్టడానికి మనిషేడీ? వార్డంతటికీ నేనొక్కదాన్నే," అందామె తల వంచుకుని. "ఇవాళ్టికి మళ్ళీ కట్టేస్తాను. ఏమీ అనుకోకండి."

వద్దనలేకపోయాను. వాడు నవ్వుతూ చేతులిచ్చాడు.

మర్నాడు పొద్దున్నే మిషన్ మీద గుడ్డ కప్పేసి వార్డుకు వెళ్ళాను. మంచం పక్కన స్టూలు వేసుకుని, పట్టీలు విప్పి, వాడి మణికట్టు పట్టుకున్నాను.

"ఇంకొంచెం గట్టిగా అన్నయ్యా," అన్నాడు.