బెక్సుల్తాన్ పాడిన పాట

"పాట పాడనివాళ్ళు రేపట్నుంచి క్లాసుకు రానక్కర్లేదు," అంది చైనీస్ నేర్పే లిన్. "రేపు మా దేశం నుంచి పెద్దలొస్తున్నారు. పార్టీని పొగిడే పాటే పాడాలి. వేరేవి ఒప్పుకోరు."

క్లాసులో అందరూ బీజింగ్ చదువుల మీద ఆశపడ్డ పిల్లలే. బెక్సుల్తాన్ ఒక్కడికే యాభై దాటాయి. చైనా సరిహద్దుకు ఇవతలున్న కజాక్ ఊరు జార్కెంట్ బజారులో గుర్రం మాంసం అమ్ముతాడు.

"నేను పాడతానమ్మాయ్. నెలాఖరుదాకా మాత్రం నన్ను మాన్పించకు."

సాయంత్రానికి ఆ మాట బావమరిది ఒరాజ్ చెవిన పడింది. గుర్రపు కొరడా పట్టుకుని దుకాణానికొచ్చాడు.

"నమాజు చేసిందని మా అక్కను సరిహద్దవతల నిర్బంధ క్యాంపులో పడేశారు. నువ్విక్కడ వాళ్ళ భాష నేర్చుకుని వాళ్ళ భజన చేస్తావా? ఎంతకు అమ్ముడుపోయావు బావా? గిన్నెడు నూడుల్స్‌కా?"

"ఇప్పుడేం అడక్కు ఒరాజ్."

కొరడా మెడ మీద పడి చర్మం చీల్చింది. బెక్సుల్తాన్ చేతిలో మాంసం కత్తి ఉంది. దాన్ని బల్ల మీద పెట్టేసి, రెండో దెబ్బకు వీపు తిప్పాడు.

మర్నాడు క్లాసులో ఆ పెద్దల ముందు, ఎర్ర లాంతర్ల కింద నిలబడి పాట అందుకున్నాడు. రెండో చరణంలో తలుపు బద్దలైంది. ఒరాజ్, అతని స్నేహితులు. కుర్చీలు ఎగిరాయి. అద్దాలు పగిలాయి. బెక్సుల్తాన్‌ను జుట్టు పట్టి కిందికి ఈడ్చారు.

"ఇప్పుడు పాడు!" అని ఒరాజ్ బూటుకాలితో మూతి మీద తన్నాడు. దవడ విరిగిన చప్పుడు అందరికీ వినబడింది.

లిన్ అడ్డుపడింది. భుజం మీద కర్ర దెబ్బ పడినా కదల్లేదు. మెడలోని స్కార్ఫు తీసి అతని నోటికి అదిమింది.

ఆ రక్తం చూశాక ఒరాజ్ చేతిలోంచి కొరడా జారింది. తనే బావను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు.

దవడకు తీగలు కట్టి ఇంటికి పంపారు. ఒరాజ్ అక్కడే ఉండిపోయి, గొట్టంతో సూపు తాగిస్తున్నాడు. నెలాఖరు రోజున ఫోన్ మోగింది. బెక్సుల్తాన్ మూలుగుతూ చెయ్యి చాపాడు. ఈలోగా ఒరాజ్ అందుకున్నాడు.

అక్క గొంతు! రెండేళ్ళ తర్వాత! ఒక్కో మాటా వెతుక్కుంటూ చైనీస్‌లో ఏదో చెబుతోంది.

"అక్కా, నేను ఒరాజ్‌ని! మన భాషలో మాట్లాడక్కా!"

ఆమె గొంతు చప్పున ఆగిపోయింది; ఎవరో మగవాడు వచ్చీరాని కజాక్‌లో, "ఈ ఫోన్లో చైనీసే మాట్లాడాలని, సంగతి ఎవరికీ చెప్పకూడదని ఈమె భర్తకు ముందే చెప్పాం," అని లైను తెంచేశాడు.