అడ్డగీత

"ముద్ర వేయకండి సార్," అంది హేరిమ్.

ప్రొఫెసర్ తాక్ చెయ్యి ఆగింది. ఎర్ర సిరా అద్దిన ముద్ర వేళ్ల మధ్యే ఉంది. అది కాగితం మీద పడితే హేరిమ్ డాక్టరేట్ చేతికొచ్చినట్టే. ముద్ర కోసం కాళ్లావేళ్లా పడేవాళ్లను సియోల్‌లో చూశాం గానీ, వద్దనేవాళ్లను చూడలేదు.

"ఏమైందమ్మా?"

"నా థీసిస్ పుస్తకం చివర ఆధార గ్రంథాల పట్టికలో తప్పు చేశాను సార్."

"అంతేనా? ఆ పేజీలు ఎవరు చూస్తారు? మ్యోంగ్ గారూ, లేవండి, కల్‌గుక్సు సూపు చల్లారిపోతుంది."

రెండో పరీక్షకుడు మ్యోంగ్, రిటైరైన పెద్దాయన, అప్పటికే కోటు చేతిలోకి తీసుకున్నాడు. హేరిమ్ మాత్రం కదల్లేదు.

"ఒకే రచయితవి రెండు వ్యాసాలుంటే, రెండోచోట పేరు బదులు అడ్డగీత పెట్టమని కంప్యూటర్‌కి చెప్పాను సార్. అది మీ వ్యాసం కింద ఇంకొకాయన వ్యాసం చేర్చి, ఆయన పేరు తీసేసి గీత పెట్టింది. ఆయనా తాక్ ఇన్‌గ్యునే. చైనా అక్షరాల్లో రాస్తే తేడా తెలుస్తుంది, మన అక్షరాల్లో ఇద్దరూ ఒకటే."

"పోనీలే. పేరొకటే కదా."

"మనిషి వేరు సార్. షినాన్ దీవుల్లో బడి పంతులు. ఉప్పుమడుల కూలీల పాటల మీద ఆ ఒక్క వ్యాసమే రాసి పోయాడు. వాళ్లావిడ పాత పత్రిక వెతికిచ్చి, అన్నం పెట్టి, 'నీ పుస్తకంలో మా ఆయన పేరు వెయ్యి తల్లీ, ఇంకేం వద్దు' అంది. ఆవిడ ఉప్పు తిని ఆయన పేరు చెరిపేశాను."

హేరిమ్ కళ్లు తుడుచుకుంది. బటన్ నొక్కేసి, పట్టికను మళ్లీ ఒక్కసారి చదవనందుకు సిగ్గుతో చచ్చిపోతోంది.

"కంప్యూటర్ చేసిన తప్పుకి నువ్వేడవడమేంటి? ఇప్పుడు మారిస్తే మళ్లీ అచ్చు, మళ్లీ బైండింగు. గడువు దాటిపోతుంది, ఈ ఏడు డిగ్రీ రాదు. వదిలెయ్ అంటున్నాగా," అన్నాడు తాక్, ముద్ర దించబోతూ.

ఎంత దయగల మనిషి అనుకుంది హేరిమ్. దాంతో సిగ్గు ఇంకా పెరిగింది. కాగితాన్ని తనవైపు లాగేసుకుంది.

"రాకపోతే పోయింది సార్. ఆవిడ దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

మ్యోంగ్ కోటు కుర్చీ మీద వేసి, ఆ పేజీ తెరిచాడు. కళ్లజోడు సర్దుకుని గీత పక్కనున్న వ్యాసం పేరు చదివాడు. మళ్లీ చదివాడు.

"తాక్ గారూ," అన్నాడు మెల్లగా, "ఆ రోజు మా కమిటీ మీకీ ఉద్యోగం ఇచ్చింది ఈ వ్యాసం చూసే కదండీ?"